అరువు కుక్కర్

ఎల్ ఆల్తోలో నీళ్లు తొందరగా మరుగుతాయి.
తొందరగా మరిగేవాటిని నమ్మకూడదు.
ఎనభై ఏడు డిగ్రీలకే ఎగిరిపడే నీళ్లలో
బంగాళాదుంపే సరిగ్గా ఉడకదు,
ఇక సూక్ష్మజీవి చస్తుందా?

సోమవారం ఆటోక్లేవ్ మూత రబ్బరు చిట్లింది.
కొత్తది లారీలో వస్తోందట,
లారీ కొండ మలుపులో ఆగిందట,
రోడ్డుకడ్డంగా రాళ్లు పేర్చి కూర్చున్నవాళ్ల ముందు.
వాళ్లడిగేది న్యాయమే. కాదనను.
కానీ మంగళవారం సాయంత్రం
ఆరు సీసాల నీళ్లు నా బల్ల మీదకొచ్చాయి,
పదకొండు మంది బడిపిల్లల వాంతుల సంగతి మోసుకుని.

మైక్రోవేవ్ ఉందిగా, అన్నాడు రెంబెర్తో.
కుర్రాడు. వాడికన్నీ ఉంటాయి.
అగార్ పాలలా పొంగి, అద్దానికి అంటుకుని
తేనెరంగు పెచ్చులు కట్టింది.
మిగిలింది ప్లేటులో పోసి ఉంచితే
తెల్లారేసరికి మధ్యలో ఒక బూడిదరంగు చుక్క.
పిలవని పేరంటానికి వచ్చి
పీటేసుకుని కూర్చుంది.

వడపోత పొరలు మూడే మిగిలాయి,
అవి చక్కెరనీళ్లకి సరే, అగార్‌కి ఊపిరాడదు.

పాత పద్ధతి ఒకటుంది:
ఇవాళ మరిగించు, రాత్రికి వదిలెయ్.
మొండిగా నిద్రపోయే బీజాలు
గండం గడిచిందనుకుని కళ్లు తెరుస్తాయి.
రేపు మరిగించు. ఎల్లుండి మళ్లీ.
నమ్మించి చంపడం.
నమ్మకానికి మూడు రోజులు పడుతుంది.
పిల్లలకి అన్ని రోజుల్లేవు.

అందుకని బుధవారం పొద్దున్నే
మూలమీద చారు అమ్మే సతుర్నినా కెంతా దగ్గర చెయ్యి చాచాను.
అడుగు నల్లబడ్డ కుక్కర్, పిడికి ఇనుపతీగ చుట్టు.
పదకొండుకల్లా నా బండి మీద ఉండాలి, అంది,
ఇంకేం అడగలేదు.

ఎంత తోమినా గొర్రెమాంసం వాసన పోలేదు.
అడుగున గిన్నె బోర్లించి, నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి,
ఫ్లాస్కుల మూతికి దూది, దూది మీద రేకు.
ముందు గాలి పోనీ,
ఆవిరి సూటిగా లేచాకే బరువు పెట్టు,
రెంబెర్తోకి రెండుసార్లు చెప్పాను.

సముద్రం పక్కనున్న ఊళ్లకి పదిహేను నిమిషాలు చాలు.
మాకు సముద్రం లేదు.
ఒకప్పుడుండేదని బడిలో నేర్పుతారు.
మేం నలభై అయిదు నిమిషాలు కూర్చున్నాం,
గంతులేసే ఆ ఇనుపబరువుని చూస్తూ,
ఎవరూ మాట్లాడకుండా.

టేపు మీద గీతలు నల్లబడ్డాయి.
వేడి తగిలిందనే చెబుతాయవి,
చచ్చాయని చెప్పవు.
అందుకే ఒక ఫ్లాస్కు ఖాళీగా, ఏ నీటిచుక్కా తగలనీయకుండా,
వెచ్చటి పెట్టెలో పడుకోబెట్టాను.

ఇంతకీ ఏం వండావు? కుక్కర్ తీసుకుంటూ అడిగింది సతుర్నినా.
చారే, అన్నాను. ఒక్కరికోసం.
వాళ్లు రాకపోతేనే మేలు.
మూత తీసి వాసన చూసి మొహం ముడిచింది:
నా కుక్కర్ వాసన పోగొట్టావు,
మళ్లీ రావడానికి నెల పడుతుంది.

గురువారం.
ఖాళీ ఫ్లాస్కు తేటగా ఉంది, లేత టీ రంగులో.
ఏమీ మొలవని ఒక సీసాని
కిటికీ వెలుగులో పట్టుకుని
అంతసేపు చూస్తారా ఎవరైనా? చూశాను.
బడి బావి ప్లేటు నిండా మచ్చలు.
అది అనుకున్నదే.
ఆరో సీసా, సంత మూల కొళాయిది,
దాన్లోనూ.

చేతులు కడుక్కుని కోటు తగిలించి
సతుర్నినా బండి దగ్గరికి నడిచాను.
చారు సంగతి కాదు.
దాన్నామె మరిగిస్తుంది, ఆ కుక్కర్‌లో, మూతపెట్టి.
గిన్నెలు ఎక్కడ కడుగుతున్నావని అడగాలి.