పాదం కొలత

చిత్తూరు బజారువీధిలో ఖలందర్ అన్న
గాజు బీరువా మీద రెండూ పెట్టినాడు.
ఒకటి సబ్బుబిళ్ళంత.
ఇంకొకటి నల్లగా, బరువుగా,
మెడకు తగిలించుకుంటే తల వంచక తప్పనంత.

"ఇది కాంపాక్టు, జేబులో పడతాది, తొమ్మిది వేలు.
ఇది డీఎస్ఎల్ఆర్, లెన్సుతో ముప్పై నాలుగు.
నీకు పెండ్లిళ్ళకా, పాస్‌పోర్టు సైజులకా?"

ఏనుగులకు, అన్నాను.

ఆయన నవ్వలేదు.
ఇంకో చాయ్ చెప్పినాడు.

కౌండిన్య అడవి అంచున పదకొండు ఊర్లు నావి.
తెల్లారకముందే ఫోను మోగుతుంది, టీవీఎస్ ఎక్కి పోతాను.
విరిగిన టమాటా కట్టెలు, ఊడబెరికిన డ్రిప్పు పైపులు,
సగం నమిలి ఉమ్మేసిన అరటిబోద.
ఫొటో లేని నష్టం ఆఫీసులో నష్టం కాదు.
నా పాత సెల్‌ఫోను ఫొటోల్లోనేమో
ఏనుగు తొక్కిన మడీ ఎనుము తొక్కిన మడీ ఒకటే.
"ఇది మీ ఎనుము పని కాదని నమ్మకమేంది?" అని
గుమాస్తా మొగిలమ్మ అర్జీని వెనక్కి తోసినాడు.

పెద్దదాన్ని కంటికి ఆనించుకున్నాను.
వీధికి అవతల కొట్టులో వేలాడే గెల,
గెలలో ఒక పండు, పండు మీద మచ్చ,
మచ్చ మీద ఈగ
చేతులు రుద్దుకుంటా ఉంది, వడ్డీ లెక్క చూసుకునేవాడి మాదిరి.
ఇన్నాళ్ళూ లోకాన్ని తుడవని అద్దంలోంచి చూసినానా?
దీంతో అయితే చెరుకుతోట ఇవతల నుంచే
చెవి చిరుగును బట్టి చెప్పొచ్చు,
ఇదే ఆ ఒంటిదంతపుది, పోయిన నెల మొక్కజొన్న మేసింది ఇదేనని.

కంతులు కట్టుకోమన్నాడు ఖలందర్ అన్న.
లెన్సు విప్పి, బిగించి చూపించినాడు.
దుమ్ము పడకూడదు, తడవకూడదు అన్నాడు
పసిబిడ్డను చేతికిచ్చే బాలింత తల్లిలాగ.
నా బండి సంచిలో ఎప్పుడూ ఉండేవి ఆ రెండే.
చివరికి ఆయనే అడిగినాడు:
"అది తిరగబడితే తమ్ముడూ,
దేన్ని పట్టుకొని పరిగెత్తుతావు?"

చాయ్ అయిపోయేదాకా నాకు మాట రాలేదు.

సబ్బుబిళ్ళ కొన్నాను.

మరుసటి వారం మొగిలమ్మ మడిలో
ఎండ ఇంకా గట్టు దిగలేదు.
వెనక్కి జరిగి మొత్తం మడిని తీయబోతే
చెయ్యి పట్టి లాగింది.
"పొలమంతా ఎందుకబ్బా, చెడిన పొలాలన్నీ ఒకే మాదిరి ఉంటాయి.
దాని కాలు తీయి" అని
బురదలో దిగిన ఆ గుండ్రంలో
తాను సంగటి తినే తట్ట పెట్టింది.
తట్ట పట్టింది. చుట్టూ ఇంకా నాలుగు వేళ్ళ చోటు మిగిలింది.
మోకాళ్ళ మీద కూర్చొని నొక్కినాను.
తట్ట పక్కన నీళ్ళు ఊరతా ఉండినాయి,
నీళ్ళలో తలకిందులుగా ఒక కంకి, ఆమె చీర అంచు.

గుమాస్తా ఫొటోను చూసి ఏమీ అనలేదు.
అట్లాంటి తట్ట ఆయన ఇంట్లోనూ ఉంటాది.
ఫైలు కదిలింది.

ఇక్కడ ఆపేస్తే నా తెలివి గురించి చెప్పుకున్నట్టు ఉండేది.

కార్తీకంలో ఒక రాత్రి, కల్వర్టు దగ్గర బండి ఆపినాను.
రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది అది.
ఒంటి దంతం. చెవి చిరుగు.
తొండంతో మట్టి తీసి వీపు మీద చల్లుకుంటా ఉంటే
ఆ మట్టి కూడా వెన్నెలే.
నేను పరిగెత్తలేదు. అది తిరగబడలేదు.
ఫ్లాషు వేయొద్దని దొరస్వామి సారు మాట.
సబ్బుబిళ్ళ ఎత్తి పద్నాలుగు సార్లు నొక్కినాను.

పద్నాలుగు నల్ల పలకలు.
ఒకదాంట్లో మాత్రం, మూలకు, తెల్లటి గీత
దంతమో, నా చేతి వణుకో.

ఖలందర్ అన్న అద్దాలు తుడుచుకొని చానాసేపు చూసినాడు.
"పెద్దది ఇంకా అట్లే ఉండాది" అన్నాడు.
బీరువా వైపు నేను చూడలేదు.

కార్డు నిండినప్పుడల్లా కూర్చొని చెరిపేస్తాను,
మంజూరైన మడులు, కొట్టేసిన మడులు.
ఆ నలుపు దగ్గరికి వచ్చేసరికి
వేలు పక్కకు జరుగుతుంది.