గిట్టల కింద

పలకలు ఊడదీసిన రోజు వాన లేదు.
నాన్న బిగించిన ఓక్ చెక్కలు
ముప్పై ఏళ్ళ మూత్రం తాగి నల్లబడ్డాయి,
గునపం మొన తగలగానే
పుచ్చుపళ్ళలా ఊడొచ్చాయి.
ఘాటుకి కళ్ళు మండాయి.
ఒక్క చెక్క గట్టిగా ఉంది. దాని మీద రెండు గుంటలు,
ముంగాళ్ళు ఆనిన చోట.
స్మిల్తేవి, అంతకుముందు దాని తల్లివి.
ఆ చెక్కని గోడకి ఆనించాను. ఎందుకో తెలీదు.

స్మిల్తే పదకొండు రోజులుగా పడుకోలేదు.
గుర్రం నిలబడే కునుకుతుంది, నిజమే,
కానీ గాఢంగా నిద్రపోవాలంటే
దానికీ నేల మీద ఒరగాలి.
అర్ధరాత్రి మోకాళ్ళు మడతపడి, తూలి,
ఉలిక్కిపడి మళ్ళీ నిలబడేది.
ఒకసారి జారిన చోట అది నడుం వాల్చదు.
ఎవరు మాత్రం వాలుస్తారు?

గిన్త్విలాస్ బాబాయి సిమెంటు పొయ్యమన్నాడు.
"ఒక్కసారి పోస్తే నీ మనవలు కూడా కడుక్కుంటారు."
నాకు పిల్లలే లేరని గుర్తొచ్చి దగ్గాడు.
ఆ రాత్రి పాల కేంద్రంలో బూట్లు విప్పి
సిమెంటు మీద గంటసేపు నిలబడ్డాను.
చలి మడమల్లోంచి ఎక్కి
పళ్ళ దాకా వచ్చింది.

ఇసుక మెత్తన. కానీ గడ్డితో పాటు లోపలికి పోయి
పేగుల్లో మూటకట్టుకు కూచుంటుంది.
దౌమాంతాస్ తన పోతుగుర్రాన్ని అలాగే పోగొట్టుకున్నాడు.
ఆ మాట ఆయన చెప్పలేదు, భార్య చెప్పింది,
బీట్‌రూట్లు తరుగుతూ, తలెత్తకుండా.
స్మిల్తే అంటే మా భాషలో ఇసుక.
ఆ ఇసుక పేరు దాకా చాలు.

తెల్షేయ్ నుంచి రబ్బరు పరుపులమ్మే కుర్రాడొచ్చాడు.
టేపుతో కొట్టం కొలిచాడు, తలుపు కొలిచాడు.
గుర్రం వైపు చూడలేదు.
అయినా రెండు కొన్నాను. ఒక్కోటి నలభై కిలోలు,
చచ్చిన సీల్‌ చేపలా లాగాల్సొచ్చింది.

చివరికి
అడుగున కంకర,
దాని మీద సున్నపురాతి పొడి,
తడిపి దిమ్మిస కొట్టడం, మళ్ళీ తడపడం.
నాలుగు రోజులు. అరచేతులు బొబ్బలు.
చెంబెడు నీళ్ళు కుమ్మరించి చూస్తే
మొదట తలుపువైపు పారాయి, తప్పు.
తవ్వి మళ్ళీ కొట్టాను.
మూరకి సగం వేలు వాలు, వెనక కాలువకి.
మేత దగ్గర రబ్బరు. వెనక సగం వట్టి నేల,
పైన జానెడు మందాన రంపపు పొట్టు.
నేనే ముందు పడుకున్నాను దాని మీద,
చెవి ఆనించి, వెల్లకిలా, పక్కకి.
బాబాయి కిటికీలోంచి చూసి వెళ్ళిపోయాడు.

మొదటి రాత్రి స్మిల్తే గుమ్మం దాటలేదు.
రెండో రాత్రి ఒక కాలితో తట్టి తట్టి వింది.
మూడో రాత్రి నేను నిద్రపోయాను, చూడలేదు.

పొద్దున్నే బ్రష్షు పట్టుకుని వెళ్తే
దాని ఎడమ డొక్కంతా, చెంప మీదా, జూలులోనూ
రంపపు పొట్టు.

గుంటల చెక్క ఇంకా గోడకే ఉంది.
పొయ్యిలో పెడదామని రెండుసార్లు ఎత్తాను.
బరువుగా ఉంది.