డెబ్బై రెండో వంతు

ట్యూనా చేపల కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ దిగి
యైజు రేవు నుంచి సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చేసరికి
వేళ్లకి ఇంకా స్పర్శ రాదు.
టీ గ్లాసు పట్టుకుని అవి నావి అయ్యేదాకా ఆగుతాను.
అప్పుడు లైటు వేసి, బల్లమీది గుడ్డ తీసి
విమానాన్ని పలకరిస్తాను.

ఇది ఎక్కడా ఎగరలేదు.
నా పదకొండో ఏట, ఒక ఆదివారం మధ్యాహ్నం
టీవీలో గంటన్నరసేపు ఎగిరింది, అంతే.
దీవి దీవికీ తిరిగి
లైట్‌హౌస్ కాపలావాళ్లకు ఉత్తరాలు పంచే
పసుపుపచ్చ నీటి విమానం.
సినిమా ఆడలేదు.
దాని బొమ్మ చేసి అమ్ముదామని ఏ కంపెనీకీ తోచలేదు.
అందుకే ఈ బల్సా చెక్కా, ప్లాస్టిక్ రేకులూ, ఆకురాయీ, నేనూ.

చిక్కల్లా కొలతతోనే.
నిజం విమానానికైతే నక్షా ఉంటుంది,
ఏ మ్యూజియంలోనో రెక్క ముక్కయినా ఉంటుంది,
వెళ్లి టేపు పెట్టి చూడొచ్చు.
డెబ్బై రెండో వంతు అంటాను, సరే,
దేనికి డెబ్బై రెండో వంతు?
పైలట్‌ని ఆరడుగులవాడనుకుంటే రెక్క ఒక పొడవు,
తలుపు మామూలు తలుపే అనుకుంటే ఇంకో పొడవు.
ముందు అద్దాలు రేవులో మూడు,
తుఫానులో నాలుగు.
ఎగిరేటప్పుడు చిక్కిపోతుంది,
నీళ్లమీద వాలగానే ఒళ్లు చేస్తుంది.

ఉతికిన బట్టలు మడతపెడుతూ మా ఆవిడ మిసావో అంది:
"ఉత్తరంతో కొలవరాదూ?
కవరు ఏ దేశంలోనైనా చేతిలో పట్టేంతే కదా."
ఆ రాత్రే సినిమా ఆపి
తెరమీది కవరుకి స్కేలు ఆనించాను.
కవరు నుంచి సంచి,
సంచి నుంచి తలుపు,
తలుపు నుంచి తోక దాకా.

రంగు సంగతి సవామురా హత్సుయె గారిని అడిగాను.
షిమిజులో ఉంటుంది, ఎనభై మూడేళ్లు.
అప్పట్లో సెల్యులాయిడ్ రేకుల వెనకవైపు రంగు నింపేది,
రేకుకి ఇంతని కూలి.
నేను కలిపి తీసుకెళ్లిన ఏడు పసుపుల్ని
కిటికీ వెలుగులో వరసగా పేర్చింది
(గుడ్డు సొన, ముల్లంగి ఊరగాయ, ఎండుగడ్డి,
మిగతా నాలుగింటికి నా దగ్గర పేర్లు లేవు),
పేర్చి, నవ్వింది.
"ఏదని చెప్పను నాయనా!
మొదటి సీసా అయిపోయింది.
కొట్టువాడు రెండోసారి వేరే పసుపు పంపాడు.
ఆఖరి వారం అదీ లేదు,
చందమామ కోసం తెచ్చిన డబ్బా అడుగు గోకి వేశాను.
తిరిగొచ్చే సీను చూడు, వెన్నెల పూసినట్టుంటుంది.
దర్శకుడి ప్రతిభ అని పేపర్లో రాశారు."

నిన్న ముక్కులో రెండు సీసం గుళ్లు కూర్చి
స్నానాల తొట్టిలో వదిలాను.
తేలింది. కానీ ఎడమకి ఒరిగింది.
రెక్క చివర గీకాను, కుడి తెప్పకి సీసం అతికించాను,
ఇంత చేసినా ఏదో గుచ్చుతుంటే
తడి చేతులతోనే వెళ్లి సినిమా పెట్టాను.

అక్కడా ఎడమకే.
ప్రతి రేవులోనూ, ఒక్క వేలెడు.
సంచి ఎడమ తలుపు పక్కనే కదా కట్టేది!
గీసినవాడెవరో, చివర పేర్లలో కూడా లేడేమో,
కాగితం మీది ఉత్తరాలకి
బరువుంటుందని నమ్మాడు.

కుడి తెప్ప సీసం ఊడదీస్తుంటే
స్నానాల గదిలోంచి మిసావో కేక:
"నీళ్లు చల్లారిపోతున్నాయి,
మీ టపా దిగిందా లేదా?"