చెప్పొద్దు ధనకోటక్కా

పెనుమూరు ఆరోగ్యకేంద్రం వెనక గదిలో
సూదిమందుల అట్టపెట్టెల పక్కన
నాదొక మడతకుర్చీ, ధనకోటక్కదొక స్టూలు.
మధ్యలో తొమ్మిది ప్రశ్నలు.

గడిచిన రెండు వారాల్లో దిగులుగా అనిపించిందా?
అసలు లేదు, కొన్ని రోజులు, సగానికి పైగా, దాదాపు రోజూ.
సున్నా, ఒకటి, రెండు, మూడు.

'దిగులు కాదు మేయ్, మనేద.
దిగులు పొద్దుగూకితే వస్తాది,
మనేద పొద్దు పొడిచినా పోదు.'
కాగితం మీద ఆ మాటకు గడి లేదు.
మూడు చుట్టూ సున్నా చుట్టాను.

మొదటిరోజే డాక్టరమ్మ అందరికీ చెప్పింది:
కొందరి ఇంటికి ఒక అమ్మాయి వస్తుంది,
పది వారాలు కూర్చుని మాట్లాడుతుంది.
కొందరికి రాదు, మామూలు వైద్యమే.
ఎవరికన్నది మేం ఎంచం.
'కొండ మీద సేవలకు డిప్ తీసినట్టా?'
'అట్లాగే. సిఫారసు లేఖలు చెల్లవు.'
మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ఆడవాళ్ళు
ఆ రోజు నవ్వింది అక్కడొక్కచోటే.

చీటీలు తిరుపతిలో, ఎవరి బీరువాలోనో,
వెలుతురుకు పట్టి చూసినా కనబడని కవర్లలో.
నాకున్నది ఒకటే నియమం:
మాటలు ఎవరికి దక్కాయో నేను తెలుసుకోకూడదు.
తెలిస్తే చెయ్యి వంకరపోతుంది,
నయం కావాలని కోరుకున్నచోట
రెండు అన్నది ఒకటిగా వినబడుతుంది.

ఎందుకింత తంతు అంటుంది మా అమ్మ,
మంచిమాట చెప్తే మనిషి తేరుకోదా?
తేరుకుంటుంది.
చెప్పకపోయినా తేరుకుంటుంది ఒక్కోసారి.
కోతలు ముగుస్తాయి, జీడి కాల్చిన చేతులు మానతాయి,
వడ్డీవాడు ఊరు మారతాడు.
తూనీగలు దిగిన మర్నాడు వాన పడితే
వానను తెచ్చింది తూనీగలేనా?
ఆ ఒక్క ప్రశ్న కోసం
సగం ఇళ్ళకు ఎవ్వరూ వెళ్ళని పది వారాలు.
నా నిద్రకు అడ్డంపడేవి ఆ వారాలే.

ఆరో నెల.
ధనకోటక్క నున్నగా దువ్వుకుని, కనకాంబరాలు తురుముకుని వచ్చింది.
పందొమ్మిది ఏడుకి దిగింది.
'ఎందుకో తెలుసునా మ్మే, ఆ పాప...'
'చెప్పొద్దు ధనకోటక్కా!'
చెవులు మూసుకున్నంత పని చేశాను.
కొంగు నోటికి అడ్డం పెట్టుకుని
మాటను మింగేసింది పాపం.

తర్వాత అదే స్టూలు మీద వళ్ళియమ్మ.
అప్పుడూ ఇరవై ఒకటే, ఇప్పుడూ ఇరవై ఒకటే.
తొమ్మిదో ప్రశ్నకు తలెత్తలేదు.
కాగితం పక్కనపెట్టి డాక్టరమ్మను పిలిచాను.
ఆ ప్రశ్న దగ్గర గుంపులు లేవు.

ఫారం అడుగున చివరి గడి:
ఈమె ఏ గుంపని మీ ఊహ?
ధనకోటి: మాటలు.
వళ్ళియమ్మ: మామూలు.
పందెం కాసినంత ధీమాగా రాశాను.

బీరువా తెరిచారు.
రెండూ తప్పు.

ఆ పాప ఎవరని ఇప్పుడు అడగొచ్చు, అడిగాను.
ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు పిల్లంట,
టెంకలు తీసేచోట స్టూళ్ళు వేయించిందంట.
'పదేండ్లకు కూసున్నా మేయ్.'

మొత్తమ్మీద మాటలు దక్కిన గుంపు
మూడు మార్కులు కిందికి దిగింది.
పట్టికలో అది ఒక్క గీత.
నా లెక్కలో వారానికి రెండు రాత్రుల నిద్ర,
చల్లారకముందే తిన్న సంగటిముద్ద,
చిన్నబిడ్డ పేరు తడుముకోకుండా పిలవడం.
ఎవరికని అడిగితే చెప్పలేను. గుంపుకి.
కాణిపాకంలో తలస్నానం చేసి ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను.
వళ్ళియమ్మ కళ్ళలోకి చూసి మాత్రం చెయ్యలేను.

ఇక మిగిలినవాళ్ళ ఇళ్ళకూ ఆ అమ్మాయి వెళ్తుంది.
'నాకెందుకులే,' అంది ధనకోటక్క,
'నా పదివారాలూ వళ్ళికే ఇయ్యండి.
రెండోతూరికి చెవికెక్కుతాదేమో.'

అట్లా ఇవ్వడానికి గడి లేదు.
కాగితం అంచున పెన్సిలుతో రాసుకుని
ఆఖరి బస్సెక్కాను.