మెడ మీద పల్లిచేను

కుర్మయ్య చేతులకు వణుకొచ్చిన ఏడే
నా మెడ మీద పల్లిచేను మొలిచింది.

నమ్మకపోతే ఏ ఎర్రచెల్కకన్నా పోయి చూడండి.
పూత వాడినంక పల్లి ఊడ కిందికి వంగుతది,
మొన మట్టిలకు దిగి అక్కడ కాయయితది.
నా ఎంటికలూ గంతే.
బయటికి రావాల్సినవి లోపలికి మళ్లి
గదువ కింద ఎర్రగ, గట్టిగ,
ఒక్కొక్కటి ఒక్కో కాయ.

నేను వనపర్తి డిపోల కండక్టరును.
ఖాకీ కాలరు పొద్దంతా ఆ కాయలను రాస్తనే ఉంటది.
టికెట్ కొట్టి, చిల్లరిచ్చి,
మెడ గోక్కుని,
మళ్లీ టికెట్.
రాత్రి చొక్కా ఇప్పితే కాలరు లోపల
ఆవగింజలంత నెత్తురు.

"మీ ఆయనకు ఏదో సోకింది" అని
ఎదురింటి మాసమ్మ నా భార్యకు పసుపుకొమ్ము ఇచ్చి పోయింది.
సోకింది పంతం.
స్టీలు చెంబు లెక్క నున్నగ కావాలె మెడ.
దుకాణం మూసిన నాడు కుర్మయ్యే ఇచ్చిండు
పిడి మెలితిప్పే పాత రేజరు, "ఇగ నువ్వే గీసుకో" అని.
ఎట్ల గీయాల్నో నేను అడగలే.
ఒక్క తావున నాలుగుసార్లు,
కిందికెళ్లి మీదికి, తోలు గుంజిపట్టి,
ఆదివారం పెట్టిన బ్లేడు మళ్లీ ఆదివారం దాకా.

దుకాణం పోయినా కుర్చీ అమ్మలే ఆయన.
ఇంటి ముంగట ఏసుకుని అండ్లనే కూసుంటడు.
నా మెడ చూసిండు. నవ్వలే.
"తోలు కంటె లోతుకు కోస్తివి.
మొన లోపలుండంగనే మీద తలుపు మూసుకున్నది.
ఇగ అది యాడికెళ్లి ఎల్లాలె?"

మూడొద్దులు రేజరు ముట్టనియ్యలే.
నాలుగో పొద్దు నా వేలు పట్టి
నా మెడ మీదనే నడిపించిండు.
ఆయన వేలు వణికితే నా వేలు వణికింది.
దవడ కింద వాలు కిందికి.
గొంతుకాయ కాడ ఎడమకు.
కుడి చెవి కింద ఒక సుడి, ఎద్దు నుదుట ఉన్నట్టు.
నలభై రెండేండ్లు నేను మోసిన మెడ,
దాని దారులు నాకంటె ఆయనకే ఎరుక.

"బోరు నీళ్లల్ల సబ్బు సచ్చిపోతది.
నల్లా నీళ్లు కాగబెట్టు.
తువ్వాల ముంచి మెడకు సుట్టుకో,
ఒక పాట వాయించేంత సేపు."
ఆయన పాటంటే అప్పగింతల సన్నాయి,
తొందరగ ఒడిసేది కాదు.

నురుగ గుండ్రంగ తిప్పి తిప్పి
పండుకున్న ఎంటికలను లేపాలె.
"రేజరు బరువు రేజరుకున్నది, నీ బరువెందుకు ఏస్తవ్?
సన్నాయి పీకను పండ్లతోని కరిస్తే పలుకుతదా?"
వాలు పొంటి ఒక్క గీత. కడుగు.
మళ్లీ నురుగ. అడ్డంగ ఇంకొక్కటి. ఇగ చాలు.
బ్లేడుకు నాలుగు గడ్డాలు,
ఐదోది అప్పు కింద లెక్క.

"గరుకు మిగుల్తది కదనే?"
"మిగలనియ్యి.
రేపటికి జరంత ఉంచనోడు ఏం మనిషిరా?"

లోపల సుట్టుకున్నదానికి సూది చాలన్నడు.
మంట మీద కాల్చి, వంపు కింద పెట్టి
దారం లేపినట్టు మొన లేపాలె.
పీకొద్దు.
పీకితే మళ్లా మట్టిలనే మొలుస్తది.

నెలయింది. కాయలు రాలిపోతున్నయ్.
మాసమ్మ పసుపుకే పేరొచ్చింది, రానియ్యి.

నిన్న కొత్తకోట బస్సు, కాలు పెట్ట సందు లేదు.
కుర్మయ్య ఎక్కిండు.
టికెట్ అంటే పైసలు తియ్యలే.
వణికే వేలుతోని నా గదువ ఎత్తి
కిటికీ ఎలుతురు దిక్కు తిప్పిండు.
కోళ్ల గంప పట్టుకున్నామె, బడిపిల్లలు,
డ్రైవరు అద్దంలకెళ్లి,
అందరూ నా మెడనే చూస్తున్నరు.

"సుడి కాడ ఇంకా ఎదురే గీస్తున్నవ్"
అన్నడు.
అప్పుడు తీసిండు రుమాలు ముడిల చిల్లర.
"కొత్తకోటకు ఒకటి కొట్టు."