ఆకుపచ్చ పెట్టె

ఇరవై రెండేళ్లు ఈ వీధి మీటర్లు చదివాను.
ఏ ఇంటి కుక్క కరుస్తుందో
ఏది మొరిగి ఊరుకుంటుందో
నా పిక్కలకు తెలుసు.
తలుపు కొడితే లోపల గుసగుసలు:
"సెల్లో వచ్చాడు, ఎవరూ లేరని చెప్పు."
నాకూ వినపడనట్టే నిలబడి
అంకెలు రాసుకుని పోయేవాణ్ణి.

ఇప్పుడు తలుపు కొట్టేవాడే లేడు.
కాలిబాట మీద, మనిషి ఛాతీ ఎత్తున
ఆకుపచ్చ ఇనప పెట్టె.
పన్నెండిళ్ల ఉసురు అందులో పెట్టి తాళం వేశారు.
ఎక్కడో ఎవరో మీట నొక్కితే
ఇక్కడ సోవెటోలో
చంటిదానికి ఆవిరి పట్టే యంత్రం ఆగిపోతుంది.
బతిమాలుకుందామంటే ముఖం లేదు
తిట్టుకుందామంటే పేరు లేదు.
ఇరవై అంకెల చీటీ కొనుక్కొచ్చి
కొంకర్లు పోయిన వేళ్లతో నొక్కాలి.
పదిహేడో అంకె దగ్గర తప్పామా, మళ్లీ మొదటికి.

జూన్ నెల. మాకు జూన్ అంటే చలి.
గనులు కక్కిన పసుపు దిబ్బల మీంచి గాలి వచ్చి
రేకుల కింద దూరి
ఇంటివాడిలా పడుకుంటుంది.

కంపెనీ బండి వస్తోందని కబురు రాగానే
గోగో థొకొజిలె పెట్టె ముందు కుర్చీ వేసుకుంది.
ఒళ్లో గిన్నె, గిన్నెలో గుమ్మడికాయ.
ఆమె తొక్క తీసే తీరు చూస్తేనే తెలుస్తోంది
ఆ కాయ ఇవాళంతా తెగదని.
పక్కన మపూలె ముసలమ్మ, మోకాళ్ల మీద దుప్పటి.
వాళ్ల వెనక చర్చి ఆడవాళ్లు, ప్రార్థన కాదు,
ఉల్లిపాయల ధర మాట్లాడుకుంటున్నారు.

పోలీసు కుర్రాడు వంగి అన్నాడు,
"లేవండి అమ్మమ్మా."
"మోకాళ్లు పట్టేశాయి నాయనా,
నువ్వే ఎత్తుకో" అంది.
వాడు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం దాకా ఇంజను ఆపని బండి
చివరికి వెనక్కి తిరిగింది.
మేం చప్పట్లు కొట్టాం. పిల్లలు చక్రాల వెంట పరుగెత్తారు.
పది నిమిషాలకు
వీధి వీధంతా చల్లబడిపోయింది.
తాళం తీయలేదు, తీగ ముట్టలేదు,
కుర్చీలో మనిషి కుర్చీలోనే ఉంది.

రాత్రి గోగో మా గుమ్మంలోకి వచ్చింది
కొంగు కింద కటింగ్ ప్లయర్‌తో.
"తొంభై ఎనిమిదిలో మా తీగ కోసింది నువ్వే."
"నేనే."
రసీదు కూడా రాసిచ్చాను, సంతకం కూడా పెట్టింది.
ఆ రోజు ఫ్లాస్కులో అడుగున మిగిలిన టీ
నాకే పోసింది. కాచుకోవడానికి ఇక వీల్లేదని
నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.
తాగాను.

"ఈ చెయ్యేనా?"
"ఇదే."
"అయితే దానికి దారి తెలుసు" అని
ప్లయర్ అరచేతిలో పెట్టి వెళ్లింది.

కత్లెహో టార్చి పట్టుకున్నాడు
నిరుడు ఇదే పనిలో మిగిలిన మూడు వేళ్లతో.
"భయమేస్తోందా మామా?"
వేస్తోందన్నాను.
వాడి వెలుగు కాస్త వణికి, కుదురుకుంది.
లోపల పన్నెండు మీటర్లు
చీకట్లో పిల్లి కళ్లలా ఎర్రగా నన్నే చదువుతున్నాయి.

ఒక్కో తీగా ఒక్కో ఇల్లు. మొదట ఆవిరి యంత్రం ఇల్లు.
తర్వాత మపూలె. తర్వాత లెక్క తప్పింది.
తెల్లారితే కంపెనీ రావచ్చు, రాకపోవచ్చు,
రాకుండానే కోసేయవచ్చు,
గోగో మళ్లీ కుర్చీ వేసుకోవచ్చు.

కిటికీలు ఒకటొకటిగా పచ్చబడుతుంటే
చెయ్యి పాత అలవాటున
జేబులో పెన్ను వెతుక్కుంది.
రాసుకోవడానికి ఏ అంకే లేదు.
ఎవరింట్లోనో గుమ్మడికాయ
ఇప్పుడు పొయ్యెక్కింది.