నూరేళ్ళు

గ్రిమ్స్‌బీలో జనవరి.
చేపల రేవు మీంచి వచ్చే గాలికి
వీధంతా ముక్కు కారుతోంది.
బస్సులో, పోస్టాఫీసు వరసలో,
నర్సరీ గేటు దగ్గర పిల్లలకి కోట్లు తొడిగే తల్లుల మధ్య
ఒకటే చీదుడు.

నా సంచిలో రెండు పేజీల రిపోర్టు.
టిల్డా, పదకొండు వారాలు.
అక్టోబరులో ఒక రాత్రి.
వెల్లకిలానే పడుకోబెట్టారు.
దిండు లేదు, బొమ్మ లేదు, గదిలో వేడి సరిగ్గానే ఉంది.
ఆరున్నరకి కలిపిన పాలు సీసాలోనే చల్లారిపోయాయి.
ముక్కులోంచి తీసిన దూదిపుల్లకి
మామూలు పడిశం వైరస్.
దాని పక్కన ఎవరో జాగ్రత్తగా టైపు చేశారు:
"ప్రాముఖ్యం నిర్ధారించలేము."

మందు వేస్తే వారం, వేయకుంటే ఏడు రోజులు.
పడిశం గురించి మా ఇంట్లో అంతే లెక్క.
ఇంకో మాట కూడా ఉంది,
పడిశం పది రోగాల పెట్టు.
దాన్ని గుమ్మం బయటే
తడి గొడుగుతో పాటు వదిలేశాను.

కీలీ టీ పెట్టింది. ఇద్దరం తాగలేదు.
రిపోర్టు మడిచి బ్రెడ్డు డబ్బా కింద పెట్టింది.
మెట్లవైపు చూసి, గొంతు తగ్గించి,
"వాడి జలుబేనా?
వాడు దాన్ని ముద్దు పెట్టుకున్నాడు.
నేనే పెట్టుకోమన్నాను. ఫొటో కూడా తీశాను."

ఇదే వైరస్ ఈ వారం
ఈ ఊళ్ళో బోలెడు ఉయ్యాలల్లో ఉంది, అన్నాను.
ఆ పిల్లలు గురగురమంటూనే పాలు తాగుతున్నారు.
ఆ రాత్రి అది తనూ ఒక చెయ్యి వేసిందో,
ఊరికే పక్కన నిలబడి చూసిందో
చెప్పగలిగినవాళ్ళు ఇంకా లేరు.
"తెలియదు" అన్న మాటని
పన్నెండేళ్ళుగా ఇళ్ళకి మోస్తున్నాను.
దించాక కూడా భుజం తేలికపడదు.

అప్పుడు దిగాడు ఫిన్లే, నాలుగేళ్ళవాడు,
స్వెట్టరు చెయ్యి మూతికి అడ్డం పెట్టుకుని.
ఎవరూ చెప్పలేదట. అక్టోబరు నుంచీ అంతే,
పక్కింటి కుక్కపిల్ల దగ్గరికి కూడా పోవడం లేదట.
మమ్మల్ని చూసి మూడో మెట్టు మీద ఆగాడు.
ముక్కు ఎర్రబడింది. కళ్ళు గట్టిగా మూసుకుని
తుమ్ముని లోపలికే మింగబోయాడు.

ఆగలేదది.

ఎంత చిన్న చప్పుడు!
కీలీ చేతిలో కప్పు వణికింది.
నా నోట్లోంచి, నన్నడక్కుండా,
మా నాయనమ్మ ప్రతి తుమ్ముకీ అనే మాట,
"నూరేళ్ళు."

సింకు పక్కన పాలసీసాలు
ఇంకా బోర్లించే ఉన్నాయి.
కీలీ అర్థం అడగలేదు.
వాడు అడిగాడు.
సంచిలో రుమాలు కోసం
చాలాసేపు వెతికాను.